ఐదో నంబరు గాలిమరకు దారి

జూన్ 2

గట్టు మీది ఊళ్ళో ఉంటున్న నలభై ఒక్క ఇళ్ళవారికి మా కార్యాలయం తెలియజేయునది:

మీ ఊరి వెనకున్న కొండ గట్టు వరుస మీద, గాలితో కరెంటు తీసే మరలు పన్నెండింటిని నిలబెట్టాలని మా సంస్థ ప్రతిపాదిస్తోంది. వీటిలో 4, 5, 6 నంబర్లు మీ ఊరికి బాగా దగ్గరగా వస్తాయి. అభ్యంతరాలున్నవారు ముప్పై రోజుల్లోగా కారణాలతో రాసి పంపగలరు. తగినన్ని అభ్యంతరాలు వస్తే నలుగురు సభ్యుల సంఘం మీ ఊరికే స్వయంగా వచ్చి విచారణ జరుపుతుంది. రాకపోతే విచారణ ఉండదు, పని మొదలవుతుంది.

ఇట్లు,
అధికారిణి,
అభ్యంతరాల విభాగం


జూన్ 9

అభ్యంతరాల అధికారిణి గారికి, గట్టు మీది బడి పెద్ద టీచరు నమస్కరించి రాసేది.

మీ నోటీసు బడి గోడకి అంటించాం. చదవగలిగినవాళ్ళు చదివారు, చదవలేనివాళ్ళకి నేను చదివి వినిపించాను. ఎవరికీ ఏ అభ్యంతరమూ లేదు. గాలి మాకు అవసరానికి మించే ఉంది. మేము ఆరేసిన బట్టలు పక్క ఊరివాళ్ళు తెచ్చి ఇస్తుంటారు. నిశ్చింతగా తీసుకుపొండి.

కాకపోతే ఒక సందేహం. అభ్యంతరం లేకుండా విచారణ ఒక్కటీ పెట్టించుకోవచ్చా?

ఎందుకంటారా? కింద కల్వర్టు దగ్గర్నుంచి మా ఊరికి నాలుగున్నర కిలోమీటర్లు. దాన్ని మేము దారి అంటాం, బండ్లవాళ్ళు ఒప్పుకోరు. మా కోడలికి ఇప్పుడు ఐదో నెల. అక్టోబరు చివర్లో కాన్పు అని కింద నర్సు చెప్పింది. మొదటి కాన్పు, బీపీ కూడా ఉంది, ఆస్పత్రిలోనే జరగాలని మరీ మరీ చెప్పింది. ఇక్కడ నొప్పులు మొదలైతే ఆ నాలుగున్నర కిలోమీటర్లూ మోసుకుపోవాలి.

మా అనుభవం ఏమిటంటే, ఎవరైనా ఆఫీసర్లు వస్తున్నారంటే రెండు రోజుల్లో ఆ దారి చదునైపోతుంది. జనాభా లెక్కలప్పుడు పెద్దాఫీసరు జీపులో నేరుగా బడి గుమ్మం దాకా వచ్చారు. ఆయన వెళ్ళిన వారానికి వానొచ్చి దారి మళ్ళీ మామూలైపోయింది. అందుకని మీ సంఘం అక్టోబరు రెండో వారంలో వస్తే మాకు సరిగ్గా కుదురుతుంది.

జవాబు కోసం చూస్తూ,
పెద్ద టీచరు

తా.క.: సంఘంలో నలుగురే అన్నారు. పదిమంది వస్తే దారి ఇంకాస్త వెడల్పు చేస్తారేమో, కనుక్కోగలరు.


జూన్ 17

టీచరు గారికి నమస్కారం.

అభ్యంతరం లేదని చెప్పే ఉత్తరానికి జవాబివ్వడం మా విభాగం పనో కాదో నాకు తేలలేదు. రెండు రోజులు బల్ల మీద పెట్టుకుని ఆలోచించాను. ఇవ్వకపోవడం కూడా ఒక రకం జవాబే అనిపించి, ఇస్తున్నాను.

విచారణ అడిగితే పెట్టేది కాదు. ఐదు వేర్వేరు ఇళ్ళ నుంచి ఐదు వేర్వేరు కారణాలతో అభ్యంతరాలు వస్తేనే సంఘం కదులుతుంది. మీకు అభ్యంతరాలు లేవు కాబట్టి ఈ సమాచారం మీకు ఉపయోగపడదు. అయినా రాస్తున్నాను. నియమం చెప్పడం నా ఉద్యోగం, సలహా ఇవ్వడం కాదు. ఈ రెంటికీ మధ్య గీత ఎక్కడుందో మాత్రం ఇన్నేళ్ళ సర్వీసులోనూ నాకు స్పష్టంగా కనపడలేదు.

మీ కోడలికి అంతా సవ్యంగా జరగాలని కోరుతూ,
అధికారిణి

తా.క.: ఐదూ ఒకే చేతిరాతలో ఉంటే ఒకటిగానే లెక్కేస్తారు. ఇది కూడా నియమమే.


జూన్ 28

అధికారిణి గారికి,

నియమాలు అందాయి. సంతోషం.

అభ్యంతరం నోటితో చెప్పడంలో మావాళ్ళకి ఏ లోటూ లేదు గానీ కాగితం మీద పెట్టడం అలవాటు లేదు. అందుకని ఆదివారం పొద్దున్న నలుగురినీ బళ్ళో మూడో తరగతి బెంచీల మీద కూర్చోబెట్టాను. మోకాళ్ళు గడ్డాలకి తగిలాయి. ఒకరిది ఒకరు చూసి రాయకూడదని ముందే చెప్పాను.

మా కోడలు దర్జీ పని చేస్తుంది. ఆమె రాసింది: "ఐదో నంబరు మర నీడ మధ్యాహ్నం మూడింటికి నా కుట్టుమిషను మీద పడుతుంది. నీడ వచ్చినప్పుడు సూది కనపడదు, నీడ పోయేసరికి వేలు కనపడదు."

తేనెపెట్టెల ఆయన: "నాలుగో నంబరు పక్కనే నా పెట్టెలు పదహారున్నాయి. ఈగలు ఎలాగూ నా మాట వినవు. ఆ చప్పుడుకి ఒకదాని మాట ఒకటి కూడా వినకుండా పోతాయి."

మేకల పెద్దమ్మ: "తిరిగేది ఏది చూసినా నా మేకలు మేత మానేసి నిలబడి చూస్తాయి. మా ఇంట్లో ఫ్యాను పెట్టిన రోజు నాకు ఈ సంగతి తెలిసింది."

రేడియో తాత: "ఆరో నంబరు వల్ల నా రేడియోలో గుర్రుమని చప్పుడొస్తుంది." (ఆ రేడియోలో ఇరవై ఏళ్ళుగా గుర్రుమనే వస్తోంది. ఈ ముక్క మీకు నేను చెప్పలేదు.)

ఐదోది నాది. మా ఇంటి లెక్క కోడలిదానితో సరిపోయింది కాబట్టి నాది బడి చిరునామాతో పంపుతున్నాను. పిల్లలు పాఠం వినకుండా కిటికీలోంచి రెక్కలు లెక్కపెడతారని రాశాను. మూడే కాబట్టి త్వరగా లెక్కపెట్టేస్తారని కోడలు అంది. దాని అభిప్రాయం పంపడం లేదు.

ఇట్లు,
పెద్ద టీచరు

తా.క.: ఎర్ర సిరా గుర్తుల్ని పట్టించుకోవద్దు. ముప్పై ఆరేళ్ళ అలవాటు, చేతిలోకి కాగితం రాగానే దిద్దేశాను. రేడియో తాతకి పదికి నాలుగేశానని ఆయన నాతో మాట్లాడటం మానేశాడు.


జూలై 20

టీచరు గారికి,

మీ ఊరి అభ్యంతరాలు సాంకేతిక విభాగానికి పంపాను. ఇంత స్పష్టంగా రాసినవి తన సర్వీసులోనే చూడలేదని ఆ విభాగాధిపతి అన్నారు. ముఖ్యంగా మార్కులు వేసి ఉండటం వల్ల ఏ కారణం ఎంత బలమైనదో వెంటనే తెలిసిందట. పదికి తొమ్మిది వచ్చిన నీడ అభ్యంతరం చదివి ఆయన కిటికీ దగ్గరికెళ్ళి, నీడలో వేలు పెట్టి చూసుకున్నారు.

ఫలితం: 4, 5, 6 నంబర్లని మీ వైపు నుంచి తీసేసి గట్టుకి అవతల వైపుకి మార్చారు. తక్కిన తొమ్మిదీ మీకు కనపడవు, వినపడవు.

అభ్యంతరాలన్నీ తీరిపోయాయి. తీరిపోయినవాటి మీద విచారణ ఉండదు.

మా కార్యాలయంలో దీన్ని విజయంగా భావిస్తున్నారు. నిన్న సమావేశంలో అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, కొంచెం ఆలస్యంగా.

అధికారిణి

తా.క.: మీరు కోరింది ఇది కాదని ఆయనతో చెప్పబోయాను. "మరేం కోరారు?" అని అడిగారు. "అభ్యంతరం తీర్చకుండా వినమన్నారు" అంటే ఆయన నా వైపు చూసిన చూపు ఇక్కడ రాయలేను.


జూలై 27

అభ్యంతరాలు తీర్చే అధికారిణి గారికి,

మిమ్మల్ని తీర్చమని ఎవరడిగారండీ? ఇన్నేళ్ళూ మంచినీళ్ళని రాశాం, బడి కప్పని రాశాం, దారని రాశాం. ఒక్కటి తీర్చిన పాపాన పోలేదు ఎవరూ. ఉత్తుత్తిగా రాసినవి మాత్రం మూడు వారాల్లో తీర్చేస్తారా?

మేకల పెద్దమ్మ అయితే, "నా మేకలు చెప్తే ఇంత పెద్ద ఆఫీసు వింటుందని తెలిస్తే ఇంకేదైనా అడిగేదాన్ని కదే!" అని మూడు రోజులుగా గుండెలు బాదుకుంటోంది.

కోడలికి ఏడో నెల వస్తోంది. పాదాలు వాచాయి. నేను ఆందోళన పడుతుంటే, "అత్తయ్యా, మీరు కాగితం మీద కాగితం రాసి ఊరవతలికి పంపిన మరలు మూడు. ఇంకో రెండు ఉత్తరాలు రాస్తే గట్టు కూడా పోతుంది. అప్పుడు దిగాల్సిన అవసరమే ఉండదు" అని దారం కొరుకుతూ నవ్వింది. మావాడు కింద సిమెంటు గోదాంలో పని చేస్తాడు, శనివారం వస్తాడు. "నీకేం భయం లేదా?" అని అడిగితే, "నేను మోస్తాలే అమ్మా" అంటాడు. వాడు సిమెంటు బస్తాలు మోస్తాడు. బస్తాలకి నొప్పులు రావు.

మళ్ళీ ఐదు పంపాలా? ఈసారి దేని మీద?

పెద్ద టీచరు

తా.క.: మీ వయసెంత? మీ ఉత్తరాలు చదివితే ఒకసారి అరవై అనిపిస్తుంది, ఒకసారి పదహారు.


ఆగస్టు 8

టీచరు గారికి,

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చింపాను.

మీ దారి సంగతి మనసులో పెట్టుకుని మూడో అంతస్తులో రవాణా ఇంజినీరు దగ్గరికి వెళ్ళాను. పదకొండేళ్ళుగా ఒకే భవనంలో ఉన్నాం, నేను మూడో అంతస్తుకి వెళ్ళడం ఇదే మొదలు. ఆయన పెద్ద పటం ఒకటి బల్ల మీద పరిచారు.

గాలిమర రెక్క ఒక్కోటి యాభై ఐదు మీటర్లట. అది మోసే లారీకి గుంతలు పనికిరావు, సన్న మలుపులు పనికిరావు. అందుకని 4, 5, 6 నంబర్ల కోసం కల్వర్టు నుంచి మీ ఊరి మీదుగా గట్టు దాకా ఆరు మీటర్ల వెడల్పున గట్టి రోడ్డు వేయాలని మొదటి పటంలోనే ఉంది. సెప్టెంబరు కల్లా పూర్తి కావలసింది. అడ్డంగా అంత పొడవున "5వ నంబరు గాలిమర రోడ్డు" అని, పక్కన చిన్నక్షరాల్లో "ప్రతిపాదితం" అని రాసి ఉంది.

మరలు అవతలికి పోయాయి కాబట్టి రోడ్డూ అవతలికి పోయింది.

మీరేమీ రాయకుండా ఊరుకుని ఉంటే దారి దానంతటదే వచ్చేది. మీరు జూన్‌లోనే దారి కోసమని స్పష్టంగా రాశారు. అప్పుడే నేను రెండంతస్తులు ఎక్కి అడిగి ఉండాల్సింది. అడగాలని నాకు తట్టలేదు. దారి నా విభాగం కాదని అనుకున్నట్టున్నాను.

అధికారిణి

తా.క.: నలభై నాలుగు.


ఆగస్టు 14

అమ్మాయీ,

నలభై నాలుగన్నావు కాబట్టి ఇక నువ్వనే అంటాను. నా మొదటి బ్యాచి పిల్లలు నీకన్నా పెద్దవాళ్ళు.

అభ్యంతరాలు ఐదూ వెనక్కి తీసుకుంటున్నాం. నీడ వద్దన్న కోడలు నీడే చల్లగా ఉంటుందంటోంది. తేనెపెట్టెల ఆయన పెట్టెలు జరిపేసుకున్నాడు. మేకలు చూస్తే చూడనీ. రేడియో తాత ఏకంగా రేడియో ఆపేశాడు. ఊరు ఊరంతా నిశ్శబ్దంగా ఉంది, మాకే అలవాటు కావడం లేదు.

మరలు వెంటనే పంపించెయ్.

పెద్ద టీచరు


ఆగస్టు 29

టీచరు గారికి,

అభ్యంతరం తెలపడానికి మా దగ్గర ఫారం ఉంది. తీరిన అభ్యంతరాన్ని వెనక్కి తీసుకోవడానికి ఫారం లేదు. ఇంతవరకు ఎవరూ అడగలేదట.

అయితే కొత్త పటం కూడా ఒక ప్రతిపాదనే. దాని మీదా ముప్పై రోజుల్లో అభ్యంతరాలు పంపవచ్చు. అంటే, మరలు మీ దగ్గర లేకపోవడం వల్ల మీకు ఇబ్బంది కలుగుతున్నట్టయితే. లేని వస్తువు వల్ల ఇబ్బంది కలుగుతుందా అని మా విభాగంలో చర్చ జరిగింది. నా సహోద్యోగి కలగదన్నారు. నేను కలుగుతుందన్నాను. ఆయనకి ఇల్లు నిండా మనుషులున్నారు లెండి.

ఇది నియమం చెప్పడం కాదు. సలహాయే.

అధికారిణి

తా.క.: మార్కులు వేయకండి. వేసినా, ఈసారి అందరికీ తక్కువ వేయండి. తీర్చాలనిపించకూడదు.


సెప్టెంబరు 10

అమ్మాయీ,

కొత్తవి ఐదూ దీంతో జతచేశాను.

కోడలు: "మూడింటికి ఎండ నేరుగా మిషను మీద పడుతోంది. ఐదో నంబరు ఉంటే కాస్త నీడొచ్చేది." తేనెపెట్టెల ఆయన: "చప్పుడు లేక నా ఈగలు బద్ధకించాయి." మేకల పెద్దమ్మ: "నా మేకలకి చూడ్డానికి ఏమీ లేదు, ఒకదాన్నొకటి పొడుచుకుంటున్నాయి." రేడియో తాత: "నా రేడియోలో గుర్రుమనే చప్పుడుకి ఇప్పుడు కారణమంటూ లేకుండా పోయింది." నాది: "పిల్లలకి లెక్కలు చెప్పడానికి ఎదురుగా ఒక ఉదాహరణ లేదు."

అన్నిటికీ పదికి మూడు. రేడియో తాతకి మాత్రం నిజంగానే తొమ్మిది రావాలి. చెప్పలేదు, పొంగిపోతాడు.

కోడలికి ఎనిమిదో నెల. బీపీ ఇంకాస్త పెరిగింది. నర్సు వారానికోసారి ఎక్కి వస్తోంది, వచ్చిన ప్రతిసారీ ముందు తన బీపీ చూసుకుంటోంది. చివరి పది రోజులూ ఆస్పత్రి దగ్గరే గది తీసుకుని ఉండమంది. అక్టోబరు ఇరవయ్యో తేదీకి దింపుదామనుకుంటున్నాం. ఎలా దింపాలో ఇంకా అనుకోలేదు.

పెద్ద టీచరు

తా.క.: "ఆ ఆఫీసరమ్మకి పెళ్ళయిందా అత్తయ్యా?" అని కోడలు అడుగుతోంది. ఇల్లు నిండా మనుషులన్న ముక్క చదివాక. చెప్పాలని లేకపోతే చెప్పకు. నేనైతే అడగలేదు.


అక్టోబరు 1

టీచరు గారికి,

విచారణ ఖాయమైంది. అక్టోబరు పదిహేను, పొద్దున్న పదకొండు గంటలకి, మీ బడిలో.

దారి చదును చేయమని రోడ్ల కార్యాలయానికి రాశాను. వాళ్ళ జవాబు యథాతథంగా: "సదరు దారిని గాలిమరల సంస్థ వేయనున్నందున జూన్‌లోనే మా రిజిస్టరులోంచి కొట్టివేయడమైనది. రిజిస్టరులో లేని దారిలో గుంతలు ఉండే అవకాశం లేదు."

కాబట్టి జీపు కల్వర్టు దాకానే. అక్కడి నుంచి నడుస్తాం. ఛైర్మన్ గారికి మోకాళ్ళ నొప్పులు. పది నిమిషాలకోసారి కూర్చోవడానికి ప్లాస్టిక్ కుర్చీ ఒకటి మోయించుకు వస్తున్నాం.

ఇంతా చేసి మీకు ఏం మిగిల్చానో నాకే తెలియడం లేదు.

అధికారిణి

తా.క.: మీ కోడలికి చెప్పండి. అయింది, ఇప్పుడు లేదు. పెద్ద కథేం కాదు.


అక్టోబరు 17

టీచరు గారికి,

విచారణ నివేదిక ముసాయిదా పంపుతున్నాను. మీరు హాజరైనవారు కాబట్టి చదివి, తప్పులుంటే చెప్పాలి. ఇది మామూలు పద్ధతే.

"సంఘం ఉదయం తొమ్మిదిన్నరకు కల్వర్టు నుంచి కాలినడకన బయలుదేరింది. రెండో మలుపు వద్ద, అభ్యంతరదారుల్లో ముగ్గురు (పెద్ద టీచరు, దర్జీ, రేడియో తాత) ఎదురుగా దిగి వస్తూ కనిపించారు. ఎదురు రావలసిన అవసరం లేదని ఛైర్మన్ అన్నారు. తాము స్వాగతానికి రాలేదని, తెల్లవారుజామునే నొప్పులు మొదలయ్యాయని, దర్జీ ఇక నడవలేదని పెద్ద టీచరు తెలిపారు. ఛైర్మన్ కుర్చీలోంచి లేచారు. దర్జీ కూర్చున్నది.

సంఘం సభ్యులు నలుగురూ కుర్చీ నాలుగు కాళ్ళ దగ్గర పట్టుకుని సుమారు నలభై అడుగుల దారిని స్వయంగా పరిశీలించారు. గుంతలు ఉన్నట్టు నిర్ధారించారు. అంతలో దర్జీ, ఇక దించమని సంఘాన్ని ఆదేశించింది. ఆమె వాడిన మాటలు నివేదికలో చేర్చనవసరం లేదని సభ్యులు ఏకగ్రీవంగా తీర్మానించారు.

టీచరు ఫోను అందుకున్న నర్సు అప్పటికే కింది నుంచి వచ్చి చేరింది. చాటు లేనందున, విచారణ కోసం తెచ్చిన ఏడడుగుల పటాన్ని విప్పి, రెండు కొసలూ ఛైర్మన్, ఈ అధికారిణి పట్టుకుని అటు తిరిగి నిలబడ్డారు. కొత్త పటం అచ్చు కాలేదు, కాబట్టి అది పాత పటమే. బొమ్మ వైపు లోపలికి ఉంది. పదిన్నర దాటాక ఆడపిల్ల పుట్టినది. ఏడ్చినది. తల్లి, పిల్ల క్షేమమని నర్సు ప్రకటించగా ఛైర్మన్ కూర్చోవడానికి చూశారు. కుర్చీ ఖాళీ లేదు.

తల్లిని, పిల్లని కల్వర్టు దాకా మోసి, సంఘం జీపులో ఆస్పత్రికి పంపడమైనది.

నిర్ణయం: లేని మరలను తిరిగి తెచ్చే అధికారం ఈ సంఘానికి లేదు. అభ్యంతరాలు తోసిపుచ్చడమైనది."

చివరి వాక్యం కింద నేను ఒప్పుకోవడం లేదని రాసి సంతకం పెట్టాను. ఇన్నేళ్ళలో మొదటిసారి. దానివల్ల ఏమీ మారదు. మీరు అడిగిన దారి రాలేదు. ఆమె నాలుగున్నర కిలోమీటర్లలో సగం నడిచింది, తక్కినది మేము మోశాం. ఏదైనా జరిగి ఉంటే అన్న ఆలోచన నన్ను వదలడం లేదు.

అధికారిణి

తా.క.: పటం పట్టుకున్న చేతులు ఇంకా నొప్పిగా ఉన్నాయి. ఛైర్మన్ గారివి కూడా. రోజూ నా గదికి వచ్చి ఎలా ఉన్నాయని అడుగుతున్నారు, నా చేతుల గురించో తనవాటి గురించో తెలియకుండా.


డిసెంబరు 8

అమ్మాయీ,

నీ నివేదికలో తప్పులు లేవు. "ఏడ్చినది" అన్న చోట "గట్టిగా" చేర్చు.

ఇక అసలు సంగతి. పిల్ల పుట్టిన సర్టిఫికెట్ వచ్చింది. పుట్టిన స్థలం అన్నచోట చూసి నేను కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివాను: "5వ నంబరు గాలిమర రోడ్డు, 2వ మలుపు." నర్సుని అడిగాను. "మరేం రాయమంటారు టీచరు గారూ? ఆ కొండమీద ఆ చోటుకి పేరేం లేదు. కళ్ళెదురుగా అంత పెద్ద పటం, దాని మీద పెద్దక్షరాల్లో రాసుంది. చూసి రాసేశాను" అంది.

దాని మీద గుండ్రటి ముద్ర పడింది. పడ్డాక అది ఎక్కడికెక్కడికి వెళ్ళిందో నాకు తెలియదు గానీ, పోయిన వారం రోడ్ల కార్యాలయం నుంచి ఒకాయన టేపు పట్టుకుని చెమటలు కక్కుతూ వచ్చాడు. ప్రభుత్వ రికార్డులో ఒక రోడ్డు మీద మనిషి పుట్టినట్టు ఉంది, వాళ్ళ రిజిస్టరులో చూస్తే ఆ రోడ్డు లేదు. ఎలా లేదో పైవాళ్ళకి రాతపూర్వకంగా చెప్పుకోవాలట. "చెప్పడం కన్నా వేసెయ్యడం తేలికండీ" అన్నాడు పాపం, బడి అరుగు మీద చతికిలబడి. రిజిస్టరులో ఎక్కించేశారు. నిన్నటి నుంచి రోలరు తిరుగుతోంది, రెండో మలుపు దాటింది. మరలు రావు, అవి గట్టుకి అవతలే. రోడ్డుకి మాత్రం మర పేరే ఉంటుంది.

మేకలన్నీ మేత మానేసి రోలరుని చూస్తున్నాయి.

ఈసారి జీపు బడి గుమ్మం దాకా వస్తుంది. నోటీసులూ ఫారాలూ లేకుండా రా. పిల్లని ఎత్తుకుందువుగాని.

నీ
టీచరు

తా.క.: ఆ టేపాయన రిజిస్టరులో నింపడానికి చివరగా ఒక ప్రశ్న అడిగాడు, ఈ రోడ్డు ప్రస్తుతం ఎంతమంది వాడుతున్నారని. ఒక్కతే, ఆమెకి ఇంకా మెడ నిలవలేదు అన్నాను. రాసుకున్నాడు.